ఉత్తరం దిక్కు

ఉత్తరానికి తలపెట్టి పడుకోకూడదంటారు మా కావలి వైపు.
బీటీఎం రెండో స్టేజీలో ఎనిమిది వేల గదికి
మంచం ఒక్క వైపే పడుతుంది.
తల ఎటు పెట్టానో ఇంట్లో చెప్పలేదు,
శుక్రవారం రాత్రి పొట్ట ఎటు పెడతానో కూడా.

ఉడుపి గార్డెన్ సిగ్నల్ దాటి
ఇరుకు మెట్లెక్కితే న్యూ లుధియానా.
గోడ మీద ఆవాల పొలం ఫ్లెక్సీ,
దాని ముందు గల్లాపెట్టె దగ్గర కుందాపుర శెట్టిగారు.
ఫోనులో కన్నడం,
సరుకులవాడితో తమిళం,
మాతో మాత్రం "ఆయియే జీ".

మొదటిసారి వచ్చినప్పుడు
పనీర్ కూర చెప్పి అన్నం కోసం చూశాను.
రొట్టె వచ్చింది.
ఐదు వేళ్ళూ పెట్టి కలపడం తప్ప
ఒంటిచేత్తో తుంచడం రాని చెయ్యి
చాలాసేపు పళ్ళెం అంచునే తిరిగింది.
పక్క బల్ల మీది పసివాడు
నా తంటా చూసి
తన రొట్టె చింపి చూపించాడు.

ఇప్పుడు వచ్చు.
ఏ పేరు చెప్పినా ఒకే తపేలాలోంచి
ఒకే ఎరుపు దిగుతుందనీ తెలుసు.
కడాయి అంటే కాప్సికం,
షాహీ అంటే చక్కెర,
కొల్హాపురీ అంటే పైన ఓ ఎండుమిరపకాయ.
తెలిసీ ప్రతివారం మెనూ మొదటి పేజీ నుంచి చదువుతాను,
రేపు పరీక్ష ఉన్నట్టు.

పక్కగది సుశాంతి టొప్నోని
ఆఫీసులో అందరూ నార్త్ పిల్ల అంటారు.
"మీ తిండేగా" అని లాక్కెళితే
దాల్ మఖనీ వంక అనుమానంగా చూసి
"మా సిమ్‌డేగాలో గంజన్నం, ఆకుకూర.
ఇది టీవీలో చూసేవాళ్ళం" అంది.
తెలియనివాళ్ళ పెళ్ళిలో కూర్చున్నట్టు
ఇద్దరం వెల్లుల్లి నాన్ పంచుకున్నాం.
ఉల్లిచక్రాలు మూడోసారి అడిగింది మాత్రం అదే.

మార్చిలో ఒక రాత్రి కరెంటు పోయింది.
ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగి, భాంగ్రా ఆగి,
జనరేటర్ ఇంకా ఆలోచిస్తుండగా
వంటింటి కిటికీలోంచి
"ఓర్నాయనో, సెయ్యి కాలిపోనాదిరా!"

లేచి వెళ్ళాను.
తందూరు ఎర్రటి వెలుగులో ఒక్కడే మనిషి.
ఎడమచేతి మీద ఒక్క వెంట్రుక లేదు.
శెట్టిగారు తివారీ అని పిలిచేది ఇతన్నే.
అసలు పేరు తవిటయ్య. సోంపేట పక్క ఊరు.
ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే
ఇతన్ని పొరుగింటామె ఒళ్ళో పెట్టి
చేటెడు తవుడు కొలిచి తిరిగి కొనుక్కుందట తల్లి.
"ఈ మైదాలో తవుడేటుంటాదమ్మా" అని నవ్వాడు,
ఉండ మీద అరచెయ్యి చరుస్తూ.

"నార్తిండియన్లనుకున్నానే" అన్నాను.
"కాకేటి? ఉత్తరాంధ్ర!"

రొట్టె తినడట.
తింటే తెల్లారేదాకా పొట్టలో రాయి ఉన్నట్టుంటుందట.
పన్నెండు దాటాక షట్టర్ సగం దించి
మెత్తళ్ళ పులుసు, చల్లారిన అన్నం.
రమ్మని అతను అనలేదు.
వస్తానని నేనూ అనలేదు.
నోట్లో ఊరిన నీళ్ళ సంగతి
కరెంటు లేని ఆ చీకటికి తెలుసు.

అప్పట్నుంచి నా బల్లకొచ్చే రుమాలీ రొట్టెకి
ఒక మడత ఎక్కువ.
ఉత్తరం మడిచినట్టు మడుస్తాడు.
విప్పి చూస్తాను.
కాస్త పొడిపిండి, కాస్త మసి,
రాయడం రానివాళ్ళు వేసిన సంతకంలా.

పోయిన శుక్రవారం విప్పితే
లోపల రెండు వేపిన మెత్తళ్ళు.
శెట్టిగారి వైపు వీపు తిప్పి
ఒకటి సుశాంతి చేతిలో పెట్టాను.
తలకాయతో సహా నమిలి,
బొటనవేలు నాకి,
బల్ల మీది ఎర్రగిన్నెలన్నీ పక్కకి జరిపి
"ఇదీ మా వైపు తిండి" అంది.